తీసేసిన చరణం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన ఇల్లు మాత్రం వెతుక్కోవాల్సి వచ్చేది. తిరుత్తణికి దగ్గరలోని చిన్న ఊరు మాది. బడిలో అరవమే చెప్పేవారు. నాకు ఉబ్బసం ఉండేది కాబట్టి ఆ బడికి కూడా పంపలేదు. మా అవ్వే చేటలో తవుడు పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. బడికి పోలేదని నన్ను చూసి జాలిపడినవాళ్ళే, చిత్తూరు వైపు నుంచి పెళ్ళిపత్రిక వస్తే చదివించుకోవడానికి మా ఇంటికి వచ్చేవారు. ఆ చదువు పెట్టినందుకు ఈనాటికీ పొద్దున దీపం వెలిగించి సామికి మొక్కాక మా అవ్వకూ ఒక మొక్కు మొక్కుతాను.

పక్కింటి అక్క భర్తను నేను బావా అని పిలిచేదాన్ని. ఊరి భజన గుంపుకు పాటలు కట్టేది ఆయనే. ఏటా ఆడి నెలలో వచ్చే ఆడికృత్తిక పండక్కి మా ఊరి కావళ్ళు తిరుత్తణి కొండ మీది సామి గుడికి నడిచి వెళ్ళేవి. ప్రతి ఊరి గుంపుకూ ఏటికొక కొత్త పాట ఉండాలి. లేకపోతే దారి పొడుగునా పక్క ఊరివాళ్ళు, “ఏమబ్బా, పోయినేటి సద్దే మూట కట్టుకొస్తిరా?” అని ఏడిపించేవారు. బావ ఉన్నన్నాళ్ళూ మాకు ఆ బాధ లేదు.

ఒక వేసవిలో, ఉమ్మడి బావి దగ్గర నీళ్ళ వంతు గురించి మాటా మాటా పెరిగి, తనతో కలిసి పెరిగిన మనిషినే బావ పార కామతో కొట్టాడు. ఆ మనిషి ప్రాణం పోయింది. బావకు జైలు పడింది. కోర్టులో లాయరు మాట్లాడాడు గానీ బావ ఒక్క మాటా మాట్లాడలేదని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

మరుసటి ఏడు ఆడి నెల రాబోతుండగా జైలు నుంచి అక్కకు ఒక పాట వచ్చింది. మొత్తం నాలుగు చరణాలు, తెలుగులో. అక్కకు చదువు రాదు. మా వాకిట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చుంటే నేనే చదివి వినిపించాను. మొదటి మూడు చరణాలు కొండ గురించి, నెమలి గురించి, మెట్ల మీద కాళ్ళు కాలే ఎండ గురించి. వింటూ అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. నాలుగో చరణం ఇదీ:

కొట్టింది నా చెయ్యి, కూలింది మా అన్న
కోపాన్ని నిందించి తప్పించుకోను
తిన్నావ అని అడుగు కొడుకు లేనమ్మకు
తోడుండు తణికేశ, నా సంగతొద్దు

అక్క చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. “ఇన్నాళ్ళకు నోరు తెరిచినాడు,” అంది మా అవ్వతో. మా అవ్వ ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టింది.

భజన గుంపు పెద్దాయనకు ఆ పాట దొరకడం పండగే అయింది. ఆ ఏడు వాళ్ళకు కొత్త పాట లేదు. మా ఇంటికి వచ్చి, నా చేత చదివించుకుని, కుర్రాళ్ళ కోసం అరవ లిపిలో రాసుకుపోయాడు. నాలుగో చరణం చదువుతుంటే మాత్రం పెన్సిలు చెవి మీద పెట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. భజన కూడంలో పాట నేర్పేటప్పుడు అర్థమైంది. మూడు చరణాలు కాగానే ఆయన తాళం ఆపి, పాట ముగిశాక సామికి కొట్టే కేక, “అరోహరా” అన్నాడు.

నేను ఉండబట్టలేక, “తాతా, ఇంకొక చరణం ఉండాది,” అన్నాను.

“చాలు చాలు, ఇంతటితో సరి. సామి పాటలో ఖూనీ మాట ఎందుకు?” అన్నాడు ఆయన. వెనకనుంచి ఒక కుర్రాడు, “బడికి పోనిది మనకు పాఠం చెప్పొచ్చింది చూడండ్రా,” అన్నాడు. అందరూ నవ్వారు. గోడ పక్కన కూర్చున్న అక్క నవ్వలేదు. పెద్దాయన ఆమె వైపు చూసి, గొంతు కాస్త మెత్తన చేసి, “ఆ ఎగువ వీధి ముసలామె బాధపడదా అమ్మా? ఆమె కోసరమే తీసేసినాం,” అన్నాడు.

ఎగువ వీధి ముసలామె అంటే, చనిపోయిన మనిషి తల్లి.

ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు నెమలి కావాలి, కొండ కావాలి, పక్క ఊరి ముందు పరువు నిలబడాలి. అవన్నీ జైల్లో కూర్చున్న మనిషి దగ్గరే తీసుకోవడానికి వాళ్ళకు అభ్యంతరం లేదు. ఆయన తన తప్పు తాను చెప్పుకున్న నాలుగు వరసలు మాత్రం మైల! దానికి తోడు ఆ తల్లి బాధను అడ్డం పెట్టుకున్నారు. బిడ్డ పోయిన రోజు నుంచి ఆమె గడప తొక్కినవాళ్ళు ఆ గుంపులో ఎంతమంది?

ఇంటికి వస్తూ అక్క ఏడ్చింది. కృత్తిక అయ్యాక ఆమె బావను చూడ్డానికి జైలుకు పోవాలి. “పాట పాడినారా అని అడగతాడు. ఆ చరణం పాడినారా అనే అడగతాడు పెద్దమ్మా. ఏమని చెప్పేది? పాడలేదంటే ఆ మనిషి మళ్ళీ నోరు మూసుకుంటాడు. పాడినారంటే నేను అబద్ధమాడినట్టే,” అంది మా అవ్వతో.

మర్నాడు పొద్దున్నే మా అవ్వ తలకు పోసుకుని, గూట్లోని కాగితం నా చేతికిచ్చి, “దా, ఎగువ వీధికి పోదాం,” అంది. నాకు భయమేసింది. అక్కతో మాట్లాడేవాళ్ళు ఎవరూ ఆ వీధికి పోయేవారు కాదు. ఆ ముసలమ్మ వాకిట్లో వేరుశెనక్కాయలు వలుస్తోంది. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. మా అవ్వ నేల మీదే కూర్చుని తానూ కాయలు వలవడం మొదలుపెట్టింది. కొంతసేపటికి అంది:

“నీ బిడ్డను గురించి వాడు జైల్లోంచి ఒక మాట రాసినాడు. నువ్వు బాధపడతావని వీళ్ళు దాన్ని తీసేసినారు. నిన్నడక్కుండా నీ పేరు చెప్పి తీసేయడం నాకు బాగాలేదు. వింటావా, వద్దా? వద్దంటే ఈ కాగితం మడిచేసి పోతాం.”

ఆమె చేతిలోని కాయ వలిచి గింజలు బుట్టలో వేసింది. తర్వాత నా వైపు చూసి, “చదవే,” అంది.

నేను చదివాను. ‘తిన్నావ అని అడుగు’ అన్నచోట ఆమె చెయ్యి ఆగింది.

“నా బిడ్డ పొలం నుంచి వస్తానే అడిగేది ఆ మాటే. వీడికెట్ల తెలుసు?”

“ఇద్దరూ కలిసి వచ్చేవాళ్ళు కదమ్మా,” అంది మా అవ్వ.

మళ్ళీ చదవమంది. చదివాను. అప్పుడామె లేచి, ఒళ్ళోని పొట్టు దులుపుకుని, నా జీవితంలో నేను విన్న అతి నిక్కచ్చి మాట అంది. “నేను వాణ్ణి మన్నించలా. మన్నిస్తానని ఎవరితోనూ చెప్పబాకండి. అయినా వాడు చేసింది వాడి నోటితోనే ఒప్పుకుంటా ఉంటే, అది నాకు వినపడకుండా చేసేదానికి వీళ్ళెవరు?”

కృత్తిక పొద్దున కావళ్ళు ఎత్తడానికి ముందు ఊరంతా భజన కూడం ముందు చేరింది. ముసలమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. బిడ్డ పోయాక ఆమె నలుగురిలోకి రావడం అదే మొదలు. జనం పక్కకు జరిగి చోటిచ్చారు. పెద్దాయన మొదటి వరసను రెండుసార్లు ఎత్తుకోవాల్సి వచ్చింది. మూడో చరణం అయింది. “అరోహరా,” అన్నాడు. ఎవరూ అందుకోలేదు, ఎందుకంటే ముసలమ్మ చెయ్యెత్తింది.

“మిగిలింది పాడండి.”

“నీ కోసరమే కదమ్మా...”

“నన్నడిగినావా?”

పెద్దాయన కుర్రాళ్ళ వైపు తిరిగాడు. పాడదామన్నా కుర్రాళ్ళ అరవ కాగితాల్లో ఆ చరణం లేదు. మా అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. నేను ఒక్కో వరసా చదివాను. మొదటి వరసకు అక్క ఒక్కతే వంత పాడింది. రెండో వరసకు మా అవ్వ, ఇంకా కొందరు ఆడవాళ్ళు. మూడో వరసకు నన్ను ఏడిపించిన కుర్రాడు కూడా అందుకున్నాడు. ముసలమ్మ పాడలేదు. కన్ను ఆర్పకుండా విన్నది. పాట అయ్యాక లేచి ఇంటికి పోయింది.

అక్క జైలుకు పోయి జరిగిందంతా చెప్పింది. మన్నించలేదన్న మాట కూడా దాచలేదు. బావ తల ఊపి, “విన్నది గదా,” అన్నాడట. ఆ తర్వాత ఆయన రాయడం ఆపలేదు. వచ్చినవన్నీ నేనే చదివి వినిపించాను. కొన్ని వినడానికి ముసలమ్మ తన వాకిట్లో నుంచి కబురు పెట్టేది, కొన్నిటికి పెట్టేది కాదు. రెండూ ఆమె ఇష్టమే.

ఇప్పుడు నేను తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. జైల్లో ఉన్నవాళ్ళు రాసిన కథలూ కవితలూ మా మనవరాలు తెచ్చిపెడుతుంది. పూజ అయ్యాక చదువుకుంటాను. మా భజన స్నేహితురాలు ఒకామె, “సామి పటం పక్కన ఆ పుస్తకాలేంది అక్కా?” అంటుంది. ఇంకొకామె తానూ చదువుతుంది గానీ, “వర్ణనలు ఎంత బాగుండాయో, ఆ నేరం సంగతి వచ్చిన కాడ మాత్రం నేను పేజీ తిప్పేస్తా,” అంటుంది. మొదటామె మీదకంటే నాకు రెండో ఆమె మీదే ఎక్కువ కోపం వస్తుంది. ఒక మనిషి తన మీద తానే సాక్ష్యం చెప్పుకుంటుంటే ముఖం తిప్పుకుని, వాడు రాసిన వెన్నెలను మాత్రం దోసిట పట్టుకుంటారా? ఆ తిప్పేసిన పేజీలో ఎవరో ఒక తల్లి కూర్చుని ఉంటుంది. ఆమెను కూడా కలిపి తిప్పేస్తున్నామని తెలియదా?

ఆడికృత్తికకు తిరుత్తణి పోయే వ్యాన్లు మా వీధి చివర ఆగుతాయి. బావ పాట ఇప్పుడు మైకుల్లో వస్తుంది. ఎవరో రికార్డు చేశారు. మూడు చరణాలే. మా అబ్బాయి, “ఎవరికి వినపడతాదమ్మా, లోపలికి రా,” అంటాడు. నేను వాకిట్లోనే నిలబడి, వాళ్ళ అరోహరా అయిందాకా ఆగి, నాలుగోది గొంతెత్తి పాడతాను.