మ్యూజియం గేటు బయట వంటక్క

నా చిన్నప్పుడు మా హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలకు వండిపెట్టే ఆవిడను అందరం వంటక్క అనేవాళ్లం. ఆమె అసలు పేరేమిటో చాలా ఏళ్ల వరకూ నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మధిర వైపు మనిషి. భర్త పోయాక, ఉన్న ఒక్క కూతురినీ అత్తవారింటికి పంపేసి, మణుగూరు దాటాక అడవి అంచున ఉన్న మా హాస్టల్లో పనికి కుదిరింది. తెల్లారగట్ల పొయ్యి ముట్టించింది మొదలు గిన్నెలు బోర్లించేదాకా ఆమె కూర్చోగా చూసిన గుర్తు నాకు లేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా మా వార్డెన్ మేడం పేపర్లో ఒక వార్త చూశారు. హైదరాబాదులోని ఒక మ్యూజియంలో ఆదివారం పూట కుటుంబాల కోసం ఉచితంగా కార్యక్రమాలు పెడుతున్నారని, తోలుబొమ్మలాట ఆడిస్తారని, పిల్లలచేత మట్టిబొమ్మలు చేయిస్తారని అందులో ఉందట. అడవిలో పెరిగే పిల్లలు ఒక్కసారైనా ఇలాంటివి చూడాలని ఆవిడ పట్టుబట్టి, పైవాళ్లను ఒప్పించి, మా తరగతిలోని పదకొండు మందినీ బయల్దేరదీశారు. దారిలో తిండి సంగతి చూడటానికి వంటక్కను కూడా రమ్మన్నారు.

బస్సు ఖమ్మం చేరేసరికే సగం మందిమి వాంతులు చేసుకున్నాం. మేమెవ్వరం అంతదూరం బస్సులో పోయినవాళ్లం కాదు. వంటక్క ఒకరి మూతి కడుగుతూ, ఇంకొకరి తల పట్టుకుంటూ, తన సీటులో ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టి చాలా దూరం నిలబడే వచ్చింది. నగరంలో దిగేటప్పటికి ఆమె కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టలేదు. వాటిని సంచిలో పెట్టుకుని వట్టికాళ్లతోనే నడిచింది. రాత్రి బస చేసిన చోట తెల్లారి చూస్తే మేడం జ్వరంతో తల ఎత్తలేకపోతున్నారు. నువ్వే తీసుకుపొమ్మని వంటక్కకు చెప్పారు. ఆ ఊరు ఆమెకూ కొత్తే. పులిహోర డబ్బా చంకన పెట్టుకుని, మా చేతులు ఒకరివొకరికి పట్టించి, మలుపు మలుపుకూ దారి అడుగుతూ మ్యూజియం దాకా తీసుకొచ్చింది.

గేటు ముందు పెద్ద వరస ఉంది. అందరూ అమ్మానాన్నలతో వచ్చిన పిల్లలే. మా వంతు వచ్చేసరికి గేటు దగ్గరి మనిషి మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్కూలు పిల్లలకు గీ రోజు గాదమ్మా. ఇది ఫ్యామిలీలకు. పిల్లలెంబడి తల్లో తండ్రో ఉండాలె."

"నేనున్న గద సారూ," అంది వంటక్క. "వీళ్లందరు నా పిల్లలే."

"పదకొండు మందా?"

"అవ్ సారూ. ఏం జెయ్యమంటవ్, పుట్టిండ్రు."

వరసలో వాళ్లు నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వాడు. అతను మమ్మల్ని వదిలేయడానికి సిద్ధంగానే ఉన్నాడని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. వేళాకోళానికే, అందరికంటే ముందు నిలబడ్డ నన్ను అడిగాడు. "ఏం పాపా, మీ అమ్మేనా?"

అవ్ అంటే అయిపోయేది. కానీ నా పక్కనే తెల్ల బూట్లేసుకున్న ఒక అమ్మాయి ఉంది. ఆమె వంటక్క వాచిన పాదాలను, చీర మీద బస్సులో పడ్డ మరకలను చూస్తోంది. ఊళ్లో మా అమ్మ కట్టుకునే చీర అంతకంటే మంచిదేమీ కాదు. అయినా ఆ అమ్మాయి కళ్ల ముందు వంటక్క బిడ్డగా నిలబడటానికి నాకు మనసొప్పలేదు.

"కాదు, ఆమె మా హాస్టల్ వంటామె," అన్నాను, తెల్ల బూట్ల అమ్మాయికి వినపడేలా.

లోపల బల్ల దగ్గర కూర్చున్న అధికారి తలెత్తి చూశాడు. గేటు మనిషి నవ్వు ఆగిపోయింది. "సారు ఇన్నడు. ఇగ నాతోని గాదమ్మా," అన్నాడు మెల్లగా.

వంటక్క నా వైపు చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది. "అమ్మా, గీ పిల్లను మీ ఎంబడి లోపలికి తోలుకపోతరా? అల్లరి చెయ్యది. శానా దూరంకెల్లి వచ్చినం." కొందరు మొహం తిప్పుకున్నారు. కొందరు వినకుండానే లేదన్నారు. ఎవరైనా సరేనంటే వాళ్లకు దండం పెట్టి, ఆ పిల్ల వీపు మీద చెయ్యేసి ముందుకు పంపేది. పది మందిని అలా పంపేసరికి గంట పైనే పట్టింది.

చివరికి నేను మిగిలాను. నన్ను కావాలనే వదిలేస్తుందనుకున్నాను. చంకలో పసిపాపతో, నా ఈడు కూతురి చెయ్యి పట్టుకుని ఉన్న ఒక బక్కపలచని తల్లిని ఆమె అడిగింది. ఆవిడ రమ్మంది. వంటక్క నా జుట్టు సవరించి, "పో బిడ్డా, మంచిగ చూసి రా," అంది. వెంట పిల్లలెవరూ లేరు కాబట్టి ఆమెను లోపలికి రానివ్వలేదు.

తోలుబొమ్మలు ఏ కథ ఆడాయో నాకు గుర్తు లేదు. మట్టిబొమ్మలు చేయించే చోట కాగితం పట్టుకున్న ఒకావిడ పిల్లల పేర్లు రాసుకుంటోంది. "ఇద్దరూ మీ పిల్లలేనా?" అని అడిగింది. ఆ తల్లి చంకలో పాపను సర్దుకుంటూ, ఎంతో అలసటగా, "అవునండీ, ఇద్దరూ నా పిల్లలే," అంది. అని, నా వైపు వంగి నాకు మాత్రమే వినపడేలా, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

పేరు చెప్పాను. నేను పుట్టిన సంగతే తెలియని మనిషి ఇంత తేలిగ్గా అనేసింది. నాకు జ్వరమొచ్చిన రోజుల్లో గంజి పోసిన మనిషిని నేను కాదన్నాను. చేతిలో పెట్టిన మట్టిముద్దతో ఏమీ చెయ్యకుండానే లేచి వచ్చేశాను.

బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వంటక్క గోడ పక్కన కాళ్లు చాపుకుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని కునుకుతోంది. నీడ ఎప్పుడో పక్కకు పోయింది. లేచి మమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టి, ఆకుల్లో పులిహోర పెట్టింది. అందరూ చూసినవన్నీ ఒకేసారి చెబుతుంటే తలూపుతూ వింది.

"నువ్వేం జూసినవ్?" అని నన్నడిగింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకేడుస్తవ్? నువ్వేమన్న అబద్ధమాడినవా? ఉన్నదే చెప్పినవ్ గద."

"నా వల్లనే నువ్వు లోపలికి రాలే," అన్నాను.

"నేను గీ గోడ కింద ఎంతసేపు కూసున్ననో తెల్సా?" అంది. "ఎన్నేండ్లయిందో గంతసేపు కూసోక. నీ పుణ్యమాని జర కండ్లు మూసుకున్న. తిను, జల్దీ. బస్సు పోతది."

అది నిజంగానే అందో, నా ఏడుపు ఆపడానికి అందో నాకు ఇప్పటికీ తెలియదు. తిరుగు ప్రయాణంలో మళ్లీ మా తలలు పట్టుకుంది. ఆ రెండేళ్లకు నేను పై చదువుకు భద్రాచలం వెళ్లిపోయాను. కొన్నేళ్లకు ఆమె పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లి అక్కడే చనిపోయింది, ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. క్షమించమని అడగడం నాకు కుదరలేదు. ఎన్నోసార్లు కుదిరినట్టే ఉండేది, నేనే వాయిదా వేశాను.

నర్సునై ముప్పై ఏళ్లు భద్రాచలం చుట్టుపక్కల దవాఖానాల్లో పనిచేశాను. గూడేల నుంచి ఒంటరిగా వచ్చేవాళ్లు ఎక్కువ. రిజిస్టరులో రోగి తాలూకు మనిషి ఎవరని ఒక గడి ఉంటుంది. ఎవరూ రాని వాళ్లకు అందులో నా పేరు రాసేదాన్ని. తోటివాళ్లు నవ్వేవారు, ఒకరిద్దరు డాక్టర్లు కోప్పడ్డారు కూడా. అలా రాసినందుకు పరుగులు పెట్టాల్సి వచ్చేది, చీవాట్లు తినాల్సి వచ్చేది. అదేదో గొప్ప మంచితనమని నేననుకోను. విసుక్కుంటూనే చేసిన రోజులే ఎక్కువ.

ఇప్పుడు రిటైరయ్యాను. మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. అయినా అప్పుడప్పుడూ ఏ గూడెం నుంచో ఎవరో ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "అక్కా, అప్పుడు మా అవ్వకు నీ పేరే రాసిండ్రంట గద. ఇప్పుడు మా నాయనను దవాఖానాల పెట్టినం, జర రా," అంటారు. ఒంట్లో ఓపిక ఉండదు. ఇంకెవరినైనా చూసుకోమని చెబుదామనే అనుకుంటాను. చెప్పలేక, గోడ పట్టుకుని మెట్లు దిగి, వాళ్ల వెంట దవాఖానాకు పోతాను.