ఎనిమిది అడుగుల సైకిల్‌తో పొద్దున ప్యాసింజర్ ఎక్కబోయిన రోజు

ఈ ప్రయాణం మా అక్క ఎడమచేయి కోసం మొదలైంది. అక్క పేరు సైదమ్మ, ముప్పై నాలుగేళ్లు. మాది నల్గొండ జిల్లాలో ఒక ఫ్లోరైడ్ ఊరు. చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్లకు ఆమె మోకాళ్లు కడుపు దాకా ముడుచుకుపోయాయి, వెన్ను కట్టెలా బిగుసుకుంది, మెడ తిరగదు. మంచినీళ్ల నల్లా మా వాకిట్లోకి వచ్చింది, కాకపోతే ఎముకలు వంగిన తర్వాత వచ్చింది. వంగినవాటిని అది నిలబెట్టదు. గోడకు ఆనుకుని కూర్చుని అక్క చేనేతవాళ్లకు కండెలు చుడుతుంది. కుడిచేత్తో రాట్నం తిప్పాలి, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి దారం కండె మీదికి పోవాలి. ఒకరోజు ఆ వేళ్లకు దారం తగులుతున్నట్టు తెలియలేదు. నల్గొండలో చూసిన డాక్టరు మెడ దగ్గర నరం నొక్కుకుపోతోందని, హైదరాబాద్ పెద్ద దవాఖానకు తొందరగా పొమ్మని చీటీ రాసిచ్చాడు. అక్కడ ఆ జబ్బు చూసే డాక్టరు బుధవారమే ఉంటాడు, పదకొండు దాటితే ఓపీ చీటీ ఇవ్వరు. ఎడమచేయి పోతే అక్కకు పని పోయినట్టే.

ముడుచుకున్న మనిషి ఆటోలో పట్టదు, బస్సు మెట్లు ఎక్కదు. వీల్‌చైర్లేమో నడుం వంచి కాళ్లు దించగలిగినవాళ్ల కోసం చేసినవి. జీపు కిరాయి అడిగితే ఐదువేలన్నారు. నేను గ్రిల్ షాపులో వెల్డర్ని. చదువు ఎనిమిదితో ఆగింది, పని చూసి నేర్చుకున్నాను, లెక్కలు ఫోన్లో నేర్చుకున్నాను. రెండు పాత సైకిళ్లు కోసి ఒకటిగా అతికి ఎనిమిది అడుగుల బండి చేశాను. వెనక నేను తొక్కాలి, నాకూ ముందు చక్రానికీ నడుమ అక్క సీటు. ఆమెను ప్లైవుడ్ మీద పక్కకు పడుకోబెట్టి చుట్టూ చాక్‌పీసుతో గీసి, ఆ గీత ప్రకారమే పైపులు వంచాను.

“బతికుండంగనే గీత గీస్తున్నవేందిరా, పోలీసోళ్ల లెక్క?” అంది అక్క.

“కదలకు అక్కా. గీత తప్పితే నడుం నొస్తది.”

“నేను కదిలేదుంటే నీ బండెందుకురా.”

ఆ సీట్లో కూర్చోబెట్టినప్పుడు ఆమె మెడ ఎవరూ పట్టుకోకుండా నిలబడింది. నేను చేసిన పనుల్లో ఇంతకన్నా మంచిది లేదనుకున్నాను.

బుధవారం పొద్దున ఐదింటికి ఊరు దాటాం. స్టేషన్‌కు పదకొండు కిలోమీటర్లు. నల్గొండ నుంచి బీబీనగర్ పోయే లైన్లో చిన్న స్టేషన్ అది, పేరు రాయను. కంకర లారీలు లేచేలోపు రోడ్డు బాగానే ఉంటుంది, గంటలో చేరొచ్చు. రైలు ఆరున్నరకు వస్తుంది, తొమ్మిది దాటాక సికింద్రాబాద్‌లో దింపుతుంది. టికెట్ మనిషికి ముప్పై లోపే. కౌంటర్లో గుమాస్తా కిటికీలోంచి మా బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

“గిదేంది?”

“సైకిల్ సార్.”

“సైకిలైతే పార్సిల్ల వెయ్యాలె. పార్సిల్ రాసేటాయన పదింటికి వస్తడు.”

“వీల్‌చైర్ అనుకోండ్రి సార్. మనిషి కూసున్నది గదా.”

“పెడళ్లున్న వీల్‌చైరు నేనేడ చూడలే.”

మెడ తిరగదు కాబట్టి అక్క ఎదురుగా ఉన్న గోడతోనే మాట్లాడింది. “నన్ను గూడ పార్సిల్లనే రాసుకో సారూ. బరువు తక్కువనే ఉంట.”

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. గుమాస్తా రెండు టికెట్లు తోసి, “ఎక్కిచ్చుకుంటే ఎక్కిచ్చుకోండ్రి, నేనైతే చూడలే” అన్నాడు. మూడు చక్రాల మీదనో నాలుగు చక్రాల మీదనో ఉంటే వికలాంగురాలు, రెండు చక్రాల మీద ఉంటే సామాను. రూలు రాసినవాడు ఒక్కరోజు మా అక్కలా కూర్చుని చూడాలి.

నా ప్లాన్ వెనక గార్డు పక్కనుండే వికలాంగుల పెట్టె. దాని తలుపు వెడల్పు. రైలు ఆగింది. ఆ పెట్టె ప్లాట్‌ఫాం దాటిపోయి కంకర మీద నిలబడింది, తలుపు నా ఛాతీ ఎత్తున ఉంది. బండిని వెనక్కి తిప్పి దాని ముందున్న మామూలు పెట్టె దగ్గరికి ఉరికాను. దాని తలుపు నేను ముందటి ఆదివారమే టేపు పెట్టి కొలిచాను, బండి పడుతుంది. పట్టింది కూడా. ముందు చక్రం, అక్క, సీటు లోపలికి పోయాయి. అక్కడ ఎదురుగా సీట్ల అడ్డగోడ, ఇక పక్కకు తిరగాలి. ఎనిమిది అడుగుల బండి తిరగలేదు. వెడల్పు కొలిచాను, మలుపు కొలవలేదు. వెనక చక్రం, నేను ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉన్నాం.

తలుపు దగ్గర స్లాబులకు రాడ్‌బెండింగ్ పనికి పోయేవాళ్లు నలుగురున్నారు. వాళ్లలో పెద్దాయన పేరు లింగయ్య అని తర్వాత తెలిసింది.

“నట్లిప్పు తమ్మీ. సీటూడదీసి లోపలికి గుంజుదం.”

“నట్లు లేవు పెద్దయ్యా. అంత వెల్డింగే.”

“నట్టు లేకుంట బండెవడన్న జేస్తడా?”

నేను చేశాను. మా ఊళ్లో వాకిట్లో పెట్టిన దేనికైనా బోల్టుంటే తెల్లారేసరికి ఎవడో ఇప్పుకుపోతాడు. అందుకని షాపులో ఏ పనైనా అతికేయడమే మాకు అలవాటు. ఆ అతుకులు సుత్తితో కొట్టినా ఊడవు. గార్డు విజిల్ వేసి అరిచాడు. “మనిషన్న ఎక్కుండ్రి, బండన్న ఎక్కియ్యుండ్రి, జల్ది.”

ఆ నలుగురు నన్ను అడగలేదు. ఒకడు మోకాళ్ల కింద, ఒకడు నడుం దగ్గర, ఒకడు భుజాల కింద చేతులు పెట్టారు, లింగయ్య మెడ పట్టుకున్నాడు. అక్కను సీట్లోంచి ఎత్తేశారు. నేను బండిని వెనక్కి లాగి ప్లాట్‌ఫాం మీద పడేసి, కదిలిన రైలెక్కాను.

రామన్నపేట, వలిగొండ, బీబీనగర్. స్టేషన్ స్టేషన్‌కు జనం ఎక్కుతున్నారు. టిఫిన్ సంచులు అక్క చుట్టూ కుక్కి ఆమెను కూర్చోబెట్టారు, లింగయ్య చేయి మాత్రం మెడ కిందే ఉంది. జరగండి జరగండి అని నేను అందరి మీదా అరుస్తున్నాను.

“జరుగుతనే ఉన్నరు గదా తమ్మీ. ఎవల మీద గంత కోపం?” అన్నాడు లింగయ్య.

“వాడట్లనే పెద్దయ్యా, రాడ్డు గూడ వాన్ని చూసి వంగుతది,” అంది అక్క. “నువ్వు మాత్రం చెయ్యి తియ్యకు, నేను వాలిపోత.”

వాళ్లు ఘట్‌కేసర్‌లో దిగాలి. ఇద్దరు దిగారు. లింగయ్యా ఇంకొకాయనా దిగలేదు. మేస్త్రి తిట్టడా అని అడిగితే, “తిడ్తడు. వానికి గదే పని” అన్నాడు. సికింద్రాబాద్ స్టేషన్ బయట ట్రాలీ ఆటో మాట్లాడాను, సామాన్లు వేసేది. మూడువందల యాభైకి వచ్చాడు. వెనక తొట్టిలో దుప్పటి పరిచి, అక్క మెడ ఒళ్లో పెట్టుకుని లింగయ్య కూర్చున్నాడు. పదీ ఇరవైకి చీటీ దొరికింది. పన్నెండింటికి డాక్టరు చూశాడు. ఎడమచేతి వేళ్లను సూదితో ఒక్కొక్కటే పొడుస్తూ అడిగాడు.

“ఇది ఎప్పుడు మొదలైందమ్మా?”

“రెండు నెలలైంది సార్.”

“అప్పుడే రావాల్సింది. ఆపరేషన్ చేస్తే కుడిచేయి నిలబడుతుంది. ఈ చేయి ఇక రాదు. రెండు నెలలు ఏం చేశారు?”

నేను నోరు తెరిచేలోపే అక్క అంది. “నాకే భయమైంది సార్. తమ్ముడు పోదమనే అన్నడు, నేనే రాలే.”

అది అబద్ధం. మొదటి వారమే అక్క నాతో అంది, “ఊళ్లె నలుగురినడుగు, చేతుల మీద రైలెక్కిస్తరు” అని. నేనే వద్దన్నాను. ఎవడి కాళ్లూ పట్టుకునేది లేదన్నాను. నా అక్కను బస్తాలా మోస్తుంటే జనం చూడొద్దన్నాను. రెండు నెలలు రోజూ షాపు మూసినాక ఆ బండి పని చేశాను. అతుకులు నున్నగా రావాలని ఆకురాయితో అరగదీశాను. మొదటి రంగు నచ్చలేదని గీకి రెండోసారి వేశాను, దానికే వారం పట్టింది.

ఆపరేషన్ అయింది, కుడిచేయి పనిచేస్తోంది. రాట్నం మాత్రం చేనేతవాళ్లకు తిరిగిచ్చేశాం. స్టేషన్ నుంచి తెచ్చుకున్న బండి బాగానే ఉంది, ఊళ్లో అక్కను ఎటంటే అటు తిప్పుతున్నాను, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. నీళ్ల మీద, రైలు మీద, రూల్స్ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, ఉంటుంది. అవి నాకు చేసిన అన్యాయం నిజమే. కానీ ఆ రెండు నెలలు వాటి ఖాతాలో వేయడానికి ఎంత ప్రయత్నించినా కుదరడం లేదు. డాక్టరు ముందు అక్క చెప్పిన మాట గురించి మేమిద్దరం ఇంతవరకు మాట్లాడుకోలేదు.

ఇలాంటి మనిషిని తీసుకుపోవాల్సినవాళ్లకు ఒకటే చెప్తాను. బండి తయారయ్యేదాకా ఆగకండి. పొద్దున ప్యాసింజర్‌కు వెనక నుంచి రెండో పెట్టె దగ్గర నిలబడండి. పనికి పోయేవాళ్లు అందులో ఉంటారు. అడగండి.