నేను చెప్పిన సున్నా

నా భార్య కుడి మణికట్టు గురించి బోధన్‌లో నాకంటే ఎక్కువ మాట్లాడినవాళ్లు లేరు. ఆమె కూడా మాట్లాడలేదు. మాట్లాడే అవకాశం నేను ఇవ్వలేదు.

కీళ్లవాతంతో ఆ మణికట్టు వాచి, చెంబు కూడా ఎత్తలేని స్థితి వచ్చాక హైదరాబాద్‌లో ఒక డాక్టరు పాడైన కీలు తీసేసి, లోహం, ప్లాస్టిక్‌తో చేసిన కొత్త కీలు వేశాడు. బరువులు ఎత్తవద్దు, ఆ చేత్తో దేన్నీ గట్టిగా కొట్టవద్దు, ఏటా వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలి అని చెప్పి పంపాడు. నేను చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసినవాణ్ని. కొత్త బేరింగు వేస్తే లోడు పెట్టి తిప్పితేనే కుదురుకుంటుందని నా నమ్మకం. ఫ్యాక్టరీ మూతబడింది గానీ ఆ నమ్మకం మూతబడలేదు. డాక్టరుకు ఎముకలు తెలుసు, యంత్రాలు తెలియవు అనుకున్నాను.

మూడు నెలలు కాగానే జొన్నరొట్టె చేయమన్నాను. మా వైపు రొట్టెను కర్రతో ఒత్తరు. పిండిముద్దను పీట మీద పెట్టి అరచేత్తో చరుస్తూ వెడల్పు చేస్తారు. ఆ చప్పుడు వినగానే ఆపరేషన్ గెలిచిందని తీర్పు చెప్పేశాను. ఆదివారం చర్చి నుంచి వచ్చిన చుట్టాలను వంటింటి గడప దగ్గర నిలబెట్టి మరీ చూపించేవాణ్ని.

"సూడుండ్రి, కొత్త చెయ్యి! అసలు కంపెనీ మాల్!"

ఒకసారి నా భార్య అక్క ఊరుకోలేదు. "నీ చేతులేమన్న పడిపోయినయా మరిదీ? రెండు రొట్టెలు నువ్వు కొట్టరాదు?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వి, ఇంకో రొట్టె వేయమన్నాను.

నొప్పి లేనప్పుడు ఎక్స్‌రే ఎందుకని రెండో ఏటి నుంచి ప్రయాణం మానిపించాను. ఆసుపత్రి నుంచి మాత్రం ఏటా ఫోను వచ్చేది. కీలు మార్పించుకున్నవాళ్లు ఏళ్లు గడిచాక ఎలా ఉన్నారో రాసుకుంటారట. పేషెంటుకు నొప్పి పదిలో ఎంత అని అడిగేవాళ్లు. ఆమె పక్కనే కూర్చుని ఉండేది. "సున్నా రాస్కో అమ్మా" అని నేనే చెప్పేవాణ్ని. సీసా మూత తిప్పగలుగుతున్నారా? తిప్పుతది. నిద్ర? మస్తుగ పడ్తది. తొమ్మిదేళ్లు ఇలా చెప్పాను. ఆ కాగితాలు చూసి ఏ పెద్ద డాక్టరైనా సంతోషపడి ఉంటే ఆయనకు నా క్షమాపణలు. ఆయన నమ్మింది ఆమె మణికట్టును కాదు, నా నోటిని.

ఒక పొద్దున ఆమె పీట ముందు చెయ్యి పట్టుకొని కూర్చుండిపోయింది.

"ఏమైందే?"

"లోపల కదుల్తుందయ్యా. నాలుగేండ్ల సంది కదుల్తుంది."

"మరి చెప్పొద్దా?"

"ఎవ్వలకు చెప్పాలె? ఫోన్ల నువ్వే సున్నా అంటివి. నేను నొప్పి అంటె నీ ఇజ్జత్ ఏం గావాలె?"

హైదరాబాద్ పోయాం. ఎక్స్‌రేలో అరచేతివైపు లోహపు ముక్క ఎముకలో వదులై పక్కకు ఒరిగి కనిపించింది. చుట్టూ ఎముక తరిగిపోయింది. మళ్లీ కొత్త కీలు వేయవచ్చు గానీ, మిగిలిన ఎముకలో అది నిలుస్తుందన్న హామీ లేదన్నాడు డాక్టరు. లేదంటే కీలు తీసేసి మణికట్టును కదలకుండా బిగించేయాలి. నొప్పి తగ్గుతుంది, వేళ్లు ఆడతాయి, మణికట్టు మాత్రం ఇక వంగదు.

"కొత్తదే వెయ్యుండ్రి సార్" అన్నాను వెంటనే.

డాక్టరు నా వైపు చూడలేదు. "అమ్మా, మీరు చెప్పండి."

ఆమె చెయ్యి చూసుకుంది. "బిగించుండ్రి సార్. వంగితె మళ్ల రొట్టెలు కొట్టుమంటడు."

నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. సమ్మతి కాగితం రాగానే అలవాటుగా చెయ్యి చాపాను. ఆమె దాన్ని తనవైపు లాక్కుని, ఎడమచేత్తోనే వంకరటింకరగా, ఒక్కో అక్షరంగా తన పేరు రాసింది. చాలాసేపు పట్టింది. కాగితం కదలకుండా నేను అంచు పట్టుకొని నిలబడ్డాను. ఆ గదిలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.