వానాకాలం బడి లేదన్నారు

బి.ఏ. పరీక్షకు నన్ను కూర్చోనివ్వలేదు. నేను నడిపిన బడి నడవలేదని రాసి, ఆ రాత చూపించి తలుపు మూశారు. జరిగిన అన్యాయం ఇంతే. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఎవరితో చెప్పినా "పోనిద్దురూ, ఆ రోజుల్లో ఎంతమందికి జరగలేదు" అంటారు. ఎంతమందికి జరిగిందో నేను లెక్కపెట్టలేదు. నాకు జరిగింది మాత్రం తెలుసు.

మాది పెదపాడు పక్క పల్లె. మా నాన్న కౌలు రైతు. నన్ను ఏలూరు హైస్కూల్లో ఫైనలు దాకా చదివించేసరికే ఆయన నడుం వంగిపోయింది. ఏలూరులో అప్పటికి కాలేజీ లేదు. బి.ఏ. కావాలంటే రాజమండ్రో బందరో పోయి అక్కడ ఉండి చదువుకోవాలి. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ట్రెయినింగు ముగించుకుని జిల్లా బోర్డు బడి పంతులునయ్యాను.

మొదట తాడేపల్లిగూడెంలో వేశారు. అక్కడ పాఠాలు చెబుతూనే ఇంటర్మీడియట్‌కు సొంతంగా చదివి పాసయ్యాను. అప్పట్లో పంతుళ్ళకు ఒక వెసులుబాటు ఉండేది. గుర్తింపు ఉన్న బడిలో కొన్నేళ్ళపాటు ఎడతెగకుండా పనిచేసినట్టు పై అధికారులు సర్టిఫికెట్టు ఇస్తే, కాలేజీ గుమ్మం తొక్కకుండానే పరీక్ష రాయవచ్చు. 'ఎడతెగకుండా' అన్న మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు. గూడెంలో బడి తెగడానికి కారణమేమీ లేదు.

బి.ఏ.కి రాజనీతి, దేశ ప్రభుత్వం తీసుకున్నాను. చిన్నప్పుడు నీటి తీరువా పన్ను గొడవ మీద మా నాన్న తాలూకా కచేరీ వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఉండగా చూశాను. లోపల కూర్చున్నాయన పైన ఎవరు, ఆయన పైన ఎవరు, ఆఖరికి ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అని అడిగితే చెప్పేవాళ్ళు లేకపోయారు. అవన్నీ పుస్తకాల్లో ఉంటాయని తరువాత తెలిసింది. నిజంగానే ఉన్నాయి. పేజీల కొద్దీ ఉన్నాయి.

ఆ పుస్తకాలు నాకు ఇచ్చినవాడు దెందులూరు కామందుగారి అబ్బాయి. హైస్కూల్లో నా పక్క బెంచీవాడు. రాజమండ్రి కాలేజీలో తప్పుతూ తప్పుతూ అదే బి.ఏ. చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడల్లా ఏలూరు కాలవ గట్టు మీద నన్ను కూర్చోబెట్టుకుని లెక్చరరు చెప్పినవన్నీ అప్పజెప్పేవాడు.

"బాగుందోయ్ మేష్టారూ, ఫీజు కట్టేది మా నాన్న, పాఠం వినేది నువ్వు" అనేవాడు.

"మరి నువ్వేం చేస్తున్నట్టు?"

"నేను పోస్టుమేన్ని."

ఇంటర్మీడియట్ పాసైన ఏడే నన్ను కొల్లేటి లంకకు మార్చారు. సరస్సు నడుమ మెరక మీద ఉన్న ఊరది. ఎండాకాలం ఎండిన మట్టిలో నడిచిపోవచ్చు. వానలు మొదలై పైనుంచి ఏరులు పొంగివస్తే చుట్టూ నీళ్ళే, తాటి దోనె తప్ప దారి లేదు. బడి పాక పల్లంలో వేశారు. ఏటా అందులోకి నీళ్ళు వచ్చేవి. నీళ్ళు రాగానే ఊరి పెద్ద తన ఇంటి అరుగు ఊడ్పించి "మేష్టారండీ, తెచ్చేసుకోండి" అని కబురు పంపేవాడు. నల్లబల్లా, గంటా, పిల్లలూ, నేనూ ఆ అరుగెక్కేవాళ్ళం. నేనున్నన్నాళ్ళూ వానాకాలంలో ఆ బడి ఆగలేదు.

ఆ పెద్దాయన చేపల వేట మీద బతికిన మనిషి. అక్షరం రాదు. సాయంత్రాలు నేను చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని వల బాగుచేసుకునేవాడు.

"ఏముందండీ అందులో?" అని ఒకరోజు అడిగాడు.

ఆనాటి ఏర్పాటు చెప్పాను. రాష్ట్రంలో పనులన్నీ రెండు వాటాలు వేశారు. కొన్ని గవర్నరు తన దగ్గరే ఉంచుకున్నాడు, కొన్ని మనవాళ్ళైన మంత్రులకు వదిలాడు. చదువు మంత్రులకు వచ్చింది. చేపలు మంత్రులకు వచ్చాయి. నీళ్ళు మాత్రం గవర్నరు వాటాలో ఉండిపోయాయి.

ఆయన వల ఆపి ఆలోచించాడు. "అయితేనండీ, సేపని నీళ్ళలోంచి తీసేదాకా అది ఎవరి కిందకొస్తాదండీ?"

కాలవ గట్టు మీద ఈ మాట చెబితే మా పోస్టుమేను పడీ పడీ నవ్వాడు. "ఈ ప్రశ్న మా లెక్చరరును అడుగుతాను" అన్నాడు. అడిగాడో లేదో మళ్ళీ చెప్పలేదు.

ఆ వాటాలన్నీ కంఠతా పట్టేసరికి కొత్త చట్టం వచ్చింది. "నువ్వు చదివే ప్రభుత్వం పోయిందోయ్ మేష్టారూ, పుస్తకం మార్చు" అంటూ లావుపాటి కొత్త పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేశాడు. పాతది మూసి కొత్తది మొదలుపెట్టాను. అందులో రాష్ట్రాలు, సంస్థానాలు కలిసి ఏర్పడవలసిన ఫెడరేషను గురించి పెద్ద భాగం ఉంది. రెండు సభలు, వాటి అధికారాలు, ఎవరి సీట్లు ఎన్ని. సంస్థానాధీశులు ఒప్పుకుంటే గాని అది పుట్టదని కూడా అందులోనే ఉంది.

"ఇంకా పుట్టని దాన్ని ఎందుకు చదవడం?" అన్నాను.

"దేశానికి రాకపోయినా పరీక్షకి వస్తుంది" అన్నాడు.

చదివాను. దోనెలో చదివాను, అరుగు మీద చదివాను, గూడెం వెళ్ళే రైల్లో చదివాను. ఎక్కడ ఏ సభకు ఏ అధికారం ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాణ్ణి. పరీక్షకు అర్జీ పెట్టవలసిన సమయం వచ్చింది. సర్టిఫికెట్టు కోసం ఏలూరు ఆఫీసుకు వెళ్ళాను.

గుమాస్తాగారు చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. లోపలికి వెళ్ళి వచ్చి, "మీ సర్వీసు తెగిందండీ" అన్నాడు.

"ఎక్కడ తెగిందండీ?"

"ఏటా వానాకాలంలో మీ బడి నడవదని ఇన్‌స్పెక్టరుగారి రిపోర్టు ఉందండీ. ప్రతి ఏడూ తెగినట్టే గదా మరి."

"ఆయన ఎప్పుడొచ్చారండీ? నేను ఒక్కపూటా మూయలేదు. ఆ నెలలకు జీతం కూడా ఇచ్చారు గదండీ మీరు."

"జీతాలు చూసేది పక్క సెక్షనండీ" అన్నాడాయన, మెత్తగానే.

లంకకు తిరిగివచ్చి పెద్దాయనకు చెప్పాను. వానాకాలంలో ఇన్‌స్పెక్టరు ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఆయన ముఖం విప్పారింది.

"ఆయ్, వచ్చేరండి! మొన్న కాదండి, ఆ ముందటి వానల్లో. నేను సేపల బుట్టలేసుకుని అవతల గట్టుకెళ్తే రేవులో ఉన్నారండి, కోటూ బూటూనూ. లంక బడికెళ్ళాలి, దోనె కట్టమన్నారు. గాలి సూత్తే అట్టాగుంది. ఈతొచ్చాండీ అనడిగితే రాదన్నారు. తిరగబడితే ఎవరిదండీ పూచీ? పెద్ద ఉద్యోగస్తుడు, పెళ్ళాం పిల్లలున్నోరు. నీళ్ళొచ్చేయండి, వానలప్పుడు బడి ఉండదండి, సెమపడకండి, దయచేయండి అని సెప్పి పంపించేసేను." ఆయన నా వంక చూసి నవ్వాడు. "మంచిపనే సేసేనుగదండీ?"

ఆయన గట్టు మీద ఆ మాట అంటున్న సమయానికి నేను ఆయన ఇంటి అరుగు మీదే పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ ఉండి ఉంటాను.

నాకు కోపం రావలసింది. రాలేదు. కాళ్ళు నీళ్ళలో చాలాసేపు ఉంచితే తిమ్మిరెక్కి మనవి కానట్టు ఉంటాయే, మనసు అలా ఉంది. ఆ మాట నా పరీక్షను ఎలా తీసుకుపోయిందో విడమరిచి చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. "అడిగితే నిజం సెప్పేత్తానండి, మీ పరీచ్చ పోనిత్తానాండీ" అన్నాడు.

ముందు బోర్డుకు రాశాను. జవాబు లేదు. యూనివర్సిటీకి రాశాను. లేదు. ఇంతలో ఎన్నికలై కొత్త మంత్రివర్గం వచ్చింది. మంత్రి సభకు జవాబుదారీ, సభ ప్రజలకు జవాబుదారీ అని నేను చదివిన అధ్యాయంలో ఉంది. నేను ప్రజల్లో ఒకణ్ణి. చదివినదాన్ని నమ్మి, మద్రాసుకు మంత్రిగారి పేర అర్జీ రాశాను. మా పోస్టుమేను అప్పటికి బి.ఏ. పాసై, తండ్రి భూములు చూసుకుంటున్నాడు. అర్జీలో ఇంగ్లీషు దిద్దిపెట్టాడు. "బి.ఏ. పాసైనవాడికంటే నువ్వు బాగా రాశావోయ్" అన్నాడు. ఆ పాసైనవాడు తనే.

ఆ అర్జీ మద్రాసులో ఆగలేదు. విచారించి తెలుపవలసిందని అక్కడినుంచి జిల్లాకు వచ్చింది, జిల్లా నుంచి బోర్డుకు, బోర్డు నుంచి ఇన్‌స్పెక్టరుగారి బల్ల మీదికి. నేను ఎవరి మీద చెప్పుకున్నానో విచారణ ఆయనకే అప్పగించారు. పుస్తకంలో ఈ మెట్లన్నీ ఎక్కే వరసలో ఉన్నాయి. దిగే వరస ఎవరూ రాయలేదు.

ఎండాకాలంలో వచ్చాడాయన. కొల్లేరు ఎండి ఉంది, నడిచే వచ్చాడు. పెద్దమనిషే, దురుసు మాట ఒక్కటి లేదు. పెద్దాయన తన అరుగు మీదే చాప పరిచి కూర్చోబెట్టి ముంజలు కొట్టించి పెట్టాడు. ఇన్‌స్పెక్టరుగారు తిన్నాడు, చేతులు కడుక్కున్నాడు.

"వానాకాలంలో బడి ఉండదని గట్టు మీద నాతో చెప్పింది నువ్వే కదూ?"

"ఆయ్, నేనేనండి."

"మీ మేష్టారు ఉందంటున్నారు. ఉందా, లేదా?"

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. పెద్దాయన నన్ను చూశాడు. తరువాత చాప మీద కూర్చున్న అతిథిని చూశాడు. ఇంత ఎండలో నడిచివచ్చి, తన ఇంట ముంజలు తిన్న మనిషి.

"తమరు రాసిందాన్ని నేను కాదంటానాండీ" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు నా వైపు తిరిగి, చెప్పుకునేది ఇంకేమైనా ఉందా అని అడిగాడు. చెప్పాను. ఈ అరుగేనండీ బడి, పిల్లల్ని పిలిచి అడగండి అన్నాను. పిల్లలకేం తెలుస్తుంది అన్నాడు. పొద్దెక్కుతోందని లేచాడు.

ఆయన వెళ్ళాక పెద్దాయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంటికొచ్చిన మనిషిని మొకం మీదే తమరు తప్పు రాసేరని ఎలాగంటామండీ మేష్టారూ? ఆయన పరాయోరు. మీరు మా మనిషేగదండీ. మీకు తరవాతైనా సెప్పుకోవచ్చు."

చెప్పుకున్నాడు. నేను విన్నాను. ఆ రాత్రి ఆయన ఇంటినుంచి చేపల పులుసు వచ్చింది, తిన్నాను.

ఆ రిపోర్టు అక్కడితో ఆగలేదు. వానాకాలమంతా నడవని బడి ఎందుకని బోర్డు వారు లంక బడి ఎత్తేశారు. పిల్లలు గట్టు అవతలి బడికి పోవాలన్నారు. వానాకాలంలో ఆ నీళ్ళు దాటి ఏ పసివాడు పోతాడు? ఎవరూ పోలేదు. నన్ను అదనపు పంతుళ్ళ కింద రాసి ఇంటికి పంపారు. ఇంత దారుణం జరిగితే ఎవరినైనా నిలదీశావా అని నన్ను అడగవచ్చు. ఎవరిని? ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలో అప్పటికి నాకు పూర్తిగా కంఠతా వచ్చు. దారిలో ఉన్న ప్రతివాడికీ రాసే ఉన్నాను.

తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరాను. పుస్తకాలు దెందులూరు పంపేశాను. అంత కష్టపడి నేర్చిన సభలు, సీట్లు, అధికారాలు తవుడు దుమ్ములో కూర్చున్నా కళ్ళముందు తిరిగేవి. వాటితో ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. యుద్ధం మొదలైంది. మంత్రివర్గం రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది. నా అర్జీ సంగతి నేనే మరిచిపోతున్న రోజుల్లో పెద్దాయన మిల్లు గుమ్మంలో కనబడ్డాడు. లంక బడి పేర నాకు ఏదో కవరు వచ్చిందట. పోస్టులో మళ్ళీ వేస్తే ఎక్కడ పోతుందోనని ఏలూరు వచ్చి, రైలెక్కి, గూడెంలో వాకబు చేసుకుంటూ స్వయంగా తెచ్చాడు.

"సర్కారు ముద్దరుందండి. మీ పరీచ్చ కాయితమేనాండీ?"

విప్పి చూశాను. ఇంగ్లీషులో ఉంది. ఒకసారి లోపల చదువుకున్నాను. ఆయన నా ముఖమే చూస్తున్నాడు. తెలుగు చేసి పైకి చదివాను:

"మీ అర్జీ జాగ్రత్తగా పరిశీలించడమైనది. వర్షాకాలంలో సైతం బడి నడిచిందని మీరు వ్రాసినది నిజమే అయి ఉండవచ్చును. అయితే కాలేజీలో చేరకుండా పరీక్షకు కూర్చునే సౌకర్యం ప్రస్తుతం ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న వారికి మాత్రమే వర్తిస్తుంది. మీరు ప్రస్తుతం ఉపాధ్యాయులు కారని తెలియవచ్చినది. కనుక ఈ విషయంలో ఇక చేయదగినది ఏమీ లేదు."