మదనపల్లె నుంచి కుప్పానికి పడవ: కారు నెత్తినా, వెనక బండిలోనా

డిసెంబరు 2, మంగళవారం. కుప్పం దగ్గర మా అమ్మాయి సుజాత వాళ్ల ఊరి చెరువులో నీళ్లు అంచుదాకా వచ్చాయి. ఇంకో పెద్ద వాన పడితే, మిగులు నీళ్లు బయటికి పోయే మరువ పొంగి రోడ్డు మీదికి పారుతుంది. పోయిన ఏడు అలా పారిన నీళ్లలోనే మా అల్లుడు చలపతి మోటారు సైకిలుతో సహా కొట్టుకుపోయాడు. చాలాసేపు ఒక తుమ్మచెట్టు పట్టుకుని ఉన్నాడు. గట్టు మీది నుంచి అందరూ చూశారు. పడవ లేదు. అది వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అందుకే నిన్న ఒక పడవ కొని తెచ్చాను. ఇలాంటిది తెచ్చుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని, ఏదీ మరవకముందే ఈరోజు రాస్తున్నాను.

దీన్ని కెనూ అంటారు. ఇద్దరు కూర్చుని తెడ్లు వేసే సన్నపాటి ఫైబరు పడవ, పొడవు పద్నాలుగడుగులు, బరువు ముప్పై అయిదు కిలోలు. మదనపల్లెకు అవతల అంగళ్లు దాటాక మూతపడిన ఒక పిక్నిక్ తోటవాళ్లు ఇరవై రెండు వేలకు ఇచ్చారు. తేవడానికి రెండు మార్గాలు కనబడ్డాయి. కారు పైన క్యారియర్‌కు కట్టి తెస్తే డీజిలుతో కలిపి కారు బాడుగ నాలుగున్నర వేలు. కారు వెనక రెండు చక్రాల ట్రైలర్ తగిలించి తెస్తే తొమ్మిది వేలు, ఎందుకంటే దాన్ని ఖాళీగా వెనక్కి లాక్కుపోవాలి. నేను క్యారియర్ అన్నాను. ఆ నిర్ణయానికి నా దగ్గర ఉన్న కారణం ధర ఒక్కటే.

పొద్దున ఎనిమిదికి డ్రైవరు రెడ్డెప్ప, తోట కాపలాదారు కలిసి పడవను బోర్లించి కారు మీదికి ఎక్కించారు. ఫైబరు గీసుకుపోకూడదని ఇంటి నుంచి రెండు తెల్ల దుప్పట్లు తెచ్చాను. వాటిని పడవ చుట్టూ చుట్టించి, కొబ్బరితాడుతో మూరకొక కట్టు వేయించాను. వదులుగా ఉన్న ముడి కనబడితే మళ్లీ కట్టించాను. మదనపల్లె ఊళ్లో ఒక్కరూ హారన్ కొట్టలేదు. పాలబండి పక్కకు తప్పుకుంది. ఒక పెద్దాయన సైకిలు దిగి చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఈ ఊరివాళ్లకు మర్యాద పెరిగిందనుకున్నాను.

తొమ్మిదిన్నరకు పుంగనూరు బస్టాండు దగ్గర టీ కోసం ఆగాం. పూలమ్మే ఆవిడ రెండు మూరల చామంతులు పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది.

"ఎవురమ్మా పోయింది? పెద్దోళ్లా?"

"పోవడమేంది?" అన్నాను.

"సొంతూరికి తీసకపోతా ఉండారా? దుడ్లొద్దులే తల్లీ, పైన ఏసేయండి."

"అది పడవమ్మా."

ఆవిడ కారు పైకి చూసింది, నావైపు చూసింది. "పడవకు తెల్లగుడ్డ యాల సుట్టినారు? దారిపొడుగునా జనాల గుండెలు ఆపేస్తా వస్తాండారు గదా!"

నేను రెడ్డెప్పను నిలదీశాను. "కట్టేటప్పుడే చెప్పాల్సింది కదా?"

"నాకు అప్పుడే అనిపించిందమ్మా. ముడిముడికీ మీరు తిడతాంటే నాకు నోరు యాడ లేస్తాది? అయినా ఈ పొద్దు ఒక్కడూ అడ్డం రాలే, బండి సుకంగా పోతాంది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చలపతిని ఇంటికి తెచ్చింది ఇలాగే, తెల్లగుడ్డ చుట్టి, ఒక బండి మీద. అదే వాకిట్లో సుజాత ఇప్పుడు మా కోసం చూస్తూ ఉంటుంది.

"దుప్పట్లు విప్పెయ్."

"విప్పితే తాడు పట్టు తప్పతాది. జారతాదమ్మా."

"విప్పెయ్, రెడ్డెప్పా."

జారింది. పెద్దపంజాణి దాటాక ఎదురుగా వచ్చిన లారీ గాలికి పడవ ముక్కు అడ్డంగా తిరిగి రోడ్డు వైపుకు వేలాడింది. మా పక్క నుంచి ముందుకు పోబోతున్న స్కూటరు మీద భార్యాభర్తలిద్దరూ తలలు వంచి తప్పించుకున్నారు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "సంపేస్తారా ఏంది ముసలమ్మా!" అని అరిచింది. అన్నమాటలో తప్పేమీ లేదు. పలమనేరు దాకా నెమ్మదిగా వెళ్లి, పంక్చరు షాపులో పాత ట్యూబులు అరవై రూపాయలకు కొని, కోసి పడవ కింద పరిపించాను. ఇక కదల్లేదు. అక్కణ్ణుంచి కుప్పం దారిలో అడవి ఉంది. పొద్దుగూకితే ఏనుగులు రోడ్డెక్కుతాయి కాబట్టి భోజనానికి ఆగకుండా బయలుదేరి, మూడింటికి ఊరు చేరాం.

సుజాత పడవ మీద చెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. రెడ్డెప్ప సాయంతో కిందికి దించాం. అతను చేతులు దులుపుకుంటుంటే, "ఉండన్నా, ఇప్పుడు మేం ఎక్కిస్తాం," అంది.

"యాలమ్మా? ఇప్పుడే గదా దించింది."

"సూద్దాం, ఉండు."

సుజాత, పదో తరగతి చదివే నా మనవరాలు పావని, నేను. మూడుసార్లు ప్రయత్నించాం. భుజం దాకా లేచింది. కారు ఎత్తుకు రాలేదు. మూడోసారి పావని చెయ్యి నలిగింది.

"ఆ పొద్దు గట్టు మీదికి ముందు పోయింది నేనూ పాపే, అమ్మా," అంది సుజాత. "మగోళ్లొచ్చి దీన్ని ఎత్తేదాకా మళ్లా నిలబడి సూడాల్నా? నాకు ఎత్తేది వద్దు. లాక్కపోయేది కావాల."

క్యారియరా, ట్రైలరా అన్న ప్రశ్నను నేను ఒక్కరోజు ప్రయాణానికే వేసుకున్నాను. పడవ అవసరం పడేది మాత్రం వానలో, ఇంట్లో ఎవరుంటే వాళ్లకు, కారు లేనప్పుడు. ఆ ప్రశ్న నేను మదనపల్లెలో అడగలేదు. సుజాత ఏడాదిగా తనలో తాను అడుగుతూనే ఉందని నిన్న తెలిసింది. రెడ్డెప్ప వెనక్కి బయలుదేరేముందు, సుజాత కంటపడకుండా ఆ దుప్పట్లు కారులోనే మడతపెట్టి అతనికి ఇచ్చేశాను.

మీరు పడవ కొనేముందు ఒక పని చేయండి. అవసరం పడినప్పుడు దాన్ని కదిలించాల్సిన మనుషుల్నే వెంట తీసుకెళ్లి, వాళ్ల చేత ఎత్తించి చూడండి. క్యారియరో ట్రైలరో ఆ తర్వాత తేల్చుకోండి.

ఇక జరగవలసినవి:

1. కుప్పంలో వెల్డింగు షాపుకు వెళ్లి మోకాలి ఎత్తుకు మించని రెండు చక్రాల బండి చేయించాలి. ఇద్దరు ఆడవాళ్లు చేత్తో లాగితే బురదలో కదలాలి.
2. దాన్ని ఆటో వెనక కట్టి పక్క ఊళ్లకు తీసుకుపోవచ్చునో లేదో రవాణా శాఖ ఆఫీసులో అడగాలి.
3. మూడు లైఫ్ జాకెట్లు, పొడవైన నైలాను తాడు కొనాలి. పడవ చెరువు గట్టు దగ్గర ఉండాలి, తాళం లేకుండా.
4. పడవకు పసుపు రంగు వేయించాలి.
5. ఆదివారం, వాన లేకపోతే, మరువకు దూరంగా నిలకడ నీళ్లలో సుజాత తెడ్డు పట్టాలి. చలపతి పోయాక ఆమె ఆ గట్టు ఎక్కలేదు. నాకు ఈత రాదు. జాకెట్ వేసుకుని ముందు నేను కూర్చుంటాను.