ఆకుపచ్చ సిరా సంతకం

పదవీ విరమణకు ఇంకా తొమ్మిదేళ్లుండగా, జూన్ బదిలీల్లో నన్ను కర్నూలు నుంచి ఆలూరు పశువైద్యశాలకు వేశారు. చేరిన వారానికే పక్క మండలం ఇన్‌ఛార్జి కూడా నా నెత్తిన పడింది. అక్కడ డాక్టరు పోస్టు ఖాళీ. వారంలో మూడు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ.

మా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. పశువైద్య డిగ్రీ ఉంటే చాలదు. రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదైతేనే వైద్యం చేయడానికీ, మందు చీటీ రాయడానికీ హక్కు. శిక్షణ పొందిన సహాయకులు కట్లు కట్టడం వంటి చిన్న పనులు చేయవచ్చు, అదీ రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో. ఇంకెవరు వైద్యం చేసినా నేరం. ఈ నిబంధన నాకు కంఠతా వచ్చు. సమావేశాల్లో నకిలీ వైద్యుల మీద అందరికన్నా గట్టిగా మాట్లాడేవాణ్ని కూడా నేనే.

అలాంటి నేనే, ఆలూరులో లేని రోజుల కోసం ఓ పదిహేను ఖాళీ మందు చీటీల మీద ముందే సంతకాలు పెట్టి అటెండరుకు ఇచ్చి వెళ్లేవాణ్ని. గెజిటెడ్ అధికారిని కనుక ఆకుపచ్చ సిరా. రైతు వస్తే అటెండరు ఫోన్ చేయాలి, నేను చెప్పిన మందు, కడుపులో పురుగులకిచ్చే నట్టల మందో, ఇంకొకటో అతను రాసివ్వాలి. రైతులకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

శీతాకాలంలో పై అధికారి, అంటే డివిజన్ అసిస్టెంట్ డైరెక్టరు నుంచి ఒక ఫిర్యాదు విచారణకు వచ్చింది. సుంకమ్మ అనే రైతు ఇచ్చినది. ఏడో నెల చూడి ఆవుకు కాలు వాచి కుంటుతుంటే, రిజిస్ట్రేషన్ లేని దస్తగిరి సూది వేశాడు, ఆవు ఈసుకుపోయింది, అంటే కడుపు పోయింది. దస్తగిరి ఒకప్పుడు మా ఆసుపత్రిలోనే దినకూలీగా పశువులను పట్టుకునేవాడు. ఇప్పుడు ఊళ్లు తిరిగి పశువులకు సూదులు వేసి బతుకుతున్నాడు. మనిషి నెమ్మదస్తుడు, సూది వేస్తే నొప్పి తెలియని తేలిక చేయి.

నేను చాలా హుషారుగా వెళ్లాను. వాంగ్మూలం రాసుకుంటూ ఏ మందు వేశాడని అడిగాను. సుంకమ్మ లోపలికి వెళ్లి, రేషన్ కార్డు కవరులోంచి మడత పెట్టిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. స్టెరాయిడ్ సూది. వాపు తగ్గిస్తుంది కానీ, నెలలు నిండుతున్న చూడి పశువుకు ఇస్తే దూడ దక్కదు. మందు పేరు నీలం సిరాలో, నాది కాని రాత. కింద ఆకుపచ్చ సిరాలో నా సంతకం.

"నువ్వు రాసిన మందు మంచిదే సార్. ఆయప్పే తప్పుగా ఏసినాడు" అంది సుంకమ్మ. "నేను సూదొద్దనే అంటి. పచ్చసిరా చూపించినాంక, పెద్దసారే చెప్పినాడు కదా అని ఊరుకుంటి. ఆవు మళ్లీ చూడి కడ్తాదా సార్?"

కడుతుందన్నాను. చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

దస్తగిరిని పిలిపించాను. ఆ చీటీ అటెండరును అడిగి తెచ్చుకున్నాననీ, మందు పేరు తానే రాశాననీ దాచకుండా ఒప్పుకున్నాడు. "నేను డాక్టర్నని యాడా చెప్పుకోలే సార్. మీ సంతకం ఉండాది కదా, మీరు ఏయమన్నట్టే అనుకుంటి."

చీటీ నా సంచిలోనే ఉంది. దొరకలేదని రాస్తే అడిగేవాళ్లు లేరు. బయటపెడితే రిజిస్ట్రేషనే పోవచ్చు, దానితో ఉద్యోగమూ. నివేదిక రెండు రోజులు సగంలో ఆగిపోయింది. నన్ను కదిలించింది చట్టం మీద గౌరవం కాదు. ఆ చీటీని ఆమె రేషన్ కార్డుతో పాటు దాచుకోవడం. మూడో రోజు చీటీ జతచేసి, ఖాళీ చీటీ మీద సంతకం చేసింది నేనేనని రాసి పంపాను. సుంకమ్మ ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కూర్చోమనీ అనలేదు.

నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, మండలి నుంచి లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది. రిజిస్ట్రేషన్ నిలిచింది. దస్తగిరి ఇక సూది పట్టనని రాసిచ్చి గొర్రెలు మేపుకోసాగాడు. తప్పులో సగం నాదైనా, బతుకుతెరువు పోయింది అతనికే. ఇది ఇప్పటికీ నాకు న్యాయంగా తోచదు.

మరుసటి ఏడు సుంకమ్మ అదే ఆవును ఆసుపత్రికి తోలుకొచ్చింది. మళ్లీ చూడి కట్టింది, మేత సరిగా తినడం లేదు. నేను అలవాటుగా చీటీల పుస్తకం ముందుకు లాక్కున్నాను.

"ముందు ఆవును చూడు సార్. సంతకం మళ్ల పెడ్దువు" అంది.

కలం మూసి బయటికి వెళ్లాను. రిజిస్ట్రేషన్ మనకిచ్చేది పశువును చూసి మందు రాసే హక్కు. చూడకుండా సంతకం పెట్టే హక్కు ఏ చట్టంలోనూ లేదు. సర్వీసు ముగిసేదాకా ఖాళీ చీటీ మీద మళ్లీ సంతకం చేయలేదు.