పాత నోటీసు వంతు

కోర్టులో అందరూ ఆమెను కవర్లక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా నోటీసులు మడిచి, కవర్లలో పెట్టి, బంక అంటించడమే ఆమె పని. ఒక్క కవరైనా తారుమారైందని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ మంచిపేరే కొంప ముంచింది.

జనం వాయిదాలకు ఎందుకు రారో తేల్చడానికి ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. సగం మందికి ఎప్పటి నోటీసే వెళ్లాలి. అంతా ప్లీడర్ల భాష, తేదీ చీమ తలకాయంత. మిగతా సగానికి కొత్తది. పైన పెద్ద అక్షరాల్లో తేదీ, కింద “రాకపోతే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది” అని ఒక్క వాక్యం. ఎవరికి ఏది పోవాలో కంప్యూటరే చీటీలు తీసినట్టు తీస్తుంది. ఎవరికైనా మనం నోటితో చెప్పామా, పనిచేసింది కాగితమో మన మాటో తెలియక ప్రయోగమంతా పాడవుతుందని ప్రొఫెసరమ్మ మరీమరీ చెప్పింది. తప్పు చేయదని ఆ పని తనకే అప్పగిస్తే, నోరు విప్పనని కవర్లక్క సంతకం పెట్టింది. ఇన్నాళ్లకు తన పనికీ ఒక విలువ వచ్చిందని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

మూడో వారం జాబితాలో చెల్లెలి పేరు కనిపించింది. ఆమె కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్న గదిని ఖాళీ చేయించమని యజమాని దావా వేశాడు. పేరు పక్కన ‘పాతది’ అని ఉంది. మార్చడం ఎంతసేపు? కవర్లక్క మార్చలేదు. చేతులు ఎప్పటిలాగే బంక రాశాయి.

ఆదివారం ఉండబట్టలేక చెల్లెలి దగ్గరికి వెళ్లింది. చెల్లెలు నోటీసు తెచ్చి చేతిలో పెట్టింది. నాలుగుసార్లు చదివినా తలాతోకా తెలియలేదంది. కవర్లక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, మడిచి ఇచ్చేసి, పిల్లల చదువుల గురించి అడిగింది. ఏం నిజాయితీ అది, తగలెయ్య!

వాయిదా రోజున చెల్లెలు రాలేదు. గది యజమానికి అప్పగించాలని తీర్పొచ్చింది. మిషన్ వీధిలో పెట్టారు. కవర్లక్క పరిగెత్తుకెళ్లి, దాచలేక అంతా చెప్పేసింది. చెల్లెలు మిషన్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

“ఇంకెవరికైనా చూపించి ఉంటే భయపడి ప్లీడరు దగ్గరికి పోయేదాన్నక్కా. నువ్వు చూసి ఊరుకున్నావు కదా, ఏం లేదనుకున్నాను.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడు కవర్లక్క ప్రొఫెసరమ్మ ముందు నిలబడింది. చెల్లెలు రాకపోవడానికి కాగితం కాదు, తానే కారణమని ఒప్పుకుంది. ఆ పేరు లెక్కలోంచి తీసేయమంది, కనీసం అదైనా నిజంగా ఉండాలంది.

ప్రొఫెసరమ్మ జాలిగానే చూసింది. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చింది.

“బాధపడకండి. రెండు వేల మందిలో ఒక్కరు అటైనా ఇటైనా ఫలితమేమీ మారదు.”